సముద్రం లేని ఊళ్ళో మోటారు పడవ పాటలు

కొకొమో, ఇండియానా
1985 అక్టోబరు 6

చెల్లి మాక్సిన్‌కి,

నీ పుట్టినరోజు కార్డు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. నా బుర్రంతా మోటారు పడవల రొదతో నిండిపోయి ఉంది. మన ఊళ్ళో సముద్రం చూడాలంటే పొద్దున్నే కారెక్కి చీకటి పడేదాకా తోలాలి. అయినా సరే, ఆగస్టు నుంచి మూన్‌వీల్ స్కేటింగ్ హాల్లో శుక్రవారం, శనివారం అలల హోరు తప్ప ఇంకోటి వినబడదు. "సాల్ట్‌వాటర్ హార్ట్స్" అని ఏదో సినిమాట, దాని పాటల క్యాసెట్టు. నీకు తెలిసే ఉంటుంది, మీ వైపు వంటకమే కదా.

అట్ట మీద ఒక కుర్రాడు చొక్కా గుండీలు బొడ్డు దాకా విప్పుకుని నిలబడ్డాడు. వెనక సూర్యాస్తమయం, పక్కన పడవ. లోపల పది పాటలు, పదిమంది పాటగాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకుని కూడా ఉండరు. ప్రతి పాటలోనూ ఎవరో తలుపు దభీమని వేస్తున్నట్టు ఒక డ్రమ్ము. ప్రతి పాటలోనూ ఒకడు "రాత్రి" అంటాడు, "నిప్పు" అంటాడు, "పరుగెత్తు" అంటాడు. ఎక్కడికి పరుగెత్తాలో మాత్రం ఒక్కడూ చెప్పడు. చివరికొచ్చేసరికి గొంతు ఒక మెట్టు పైకెక్కించి అదే ముక్క మళ్ళీ అరుస్తారు. కిందటిసారి మనకి అర్థం కాలేదనుకుంటారు కాబోలు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ హాల్లో ఆర్గన్ వాయిస్తున్నాను. నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఆ ఆర్గన్ ముందు బల్ల ఉంది. చక్రాల స్కేట్లు కట్టుకుని తిరిగే మనిషికి కింద ఉన్నది చెక్క నేల కాదు, నా తాళం. అది అటూ ఇటూ అయిందంటే పడి తుంటి విరగ్గొట్టుకుంటాడు. ఈ సంగతి పాత యజమానికి తెలుసు. ఆయన పోయాక హాలు అల్లుడు రాండల్ చేతికొచ్చింది. తాళం అంటే తలుపుకి వేసేదనుకునే రకం.

మొన్న నా దగ్గరికొచ్చి టోపీ చేతిలో నలుపుకుంటూ, "ఆర్విల్లా గారూ, కోప్పడకండి. శుక్రవారం క్యాసెట్టు పెడితే కాలు పెట్టే సందుండట్లేదు. ఆదివారం మీరు వాయిస్తే అదే పాత ముసలాళ్ళు, అదే పదీ పదిహేను మంది. కొత్త సంవత్సరం నుంచి ఆదివారం కూడా క్యాసెట్టే పెట్టేద్దామని ఉంది. ఆర్గన్‌ని చర్చి వాళ్ళు అడుగుతున్నారు కూడా" అన్నాడు.

"ఆర్గన్‌ని చర్చి వాళ్ళు అడుగుతున్నారు సరే. నన్నెవరు అడుగుతున్నారు?" అన్నాను.

వాడు టోపీ నెత్తిన పెట్టుకుని జారుకున్నాడు. నీ దగ్గరుందా జవాబు? నువ్వు ఆ పాటల వ్యాపారంలోనే ఉన్నావుగా. ఈ చెత్తని జనం ఎందుకు కొంటున్నారో కాస్త చెప్పు. నా బల్ల కింద నుంచి లాగేస్తున్నదేమిటో నాకు తెలియాలి.

మీ అక్క,
ఆర్విల్లా

---

బర్బాంక్, కాలిఫోర్నియా
1985 అక్టోబరు 19

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పడీ పడీ నవ్వాను. ఎందుకో చెప్తాను, నవ్వొద్దు, తిట్టొద్దు. ఆ క్యాసెట్టులో ఏ పాట తర్వాత ఏ పాట రావాలో వరస పెట్టింది నేనే. అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరుంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడు.

నువ్వు తిట్టినవన్నీ నిజమే. ఇంకో నాలుగు నేను కలుపుతాను. ఆ సినిమా కథేమిటో తెలుసా? రొట్టెల బండి తోలే కుర్రాడు ఫ్లోరిడాలో మోటారు పడవల పందెం గెలుస్తాడు. అంతే. పడవ ఎక్కడిదో, ఎవడిచ్చాడో మూడుసార్లు చూసినా నాకు అర్థం కాలేదు. సినిమా రెండు వారాలాడి పారిపోయింది. మీ ఇండియానా దాకా వచ్చి ఉండదు. పది పాటల్లో నాలుగు అసలు సినిమాలోనే లేవు. జనం కళ్ళు మూసుకుని వింటున్నామని మా ఆఫీసుకి ఉత్తరాలు రాస్తున్న ఆ రెండో వైపు మూడో పాట ఉంది చూశావూ, అది సినిమాలో చేపల కొట్టు రేడియోలోంచి రెండు ముక్కలు వినబడుతుంది. అప్పుడు హీరో చేప పొట్ట కోస్తుంటాడు.

సినిమా మునిగింది, క్యాసెట్టు తేలింది. మా ఆఫీసులో ఇప్పుడు అందరూ ఇదే తమ గొప్పంటే తమ గొప్పని కొట్టుకుంటున్నారు.

ఎందుకు కొంటారంటావా? పదిమంది రికార్డులు కొనే బదులు ఒక్కటి కొంటే సరిపోతుంది. అది ఒక కారణం. రెండోది చెప్తే నీకు ఒళ్ళు మండుతుంది. ఈ పాటలు ఎవరి గురించీ కాదు. అందుకే ఎవరికైనా అతుకుతాయి. నువ్వు వాయించే ఆ జంట నాట్యాల వాల్ట్జ్‌లు 1920లో ఎవరో చికాగో పెద్దమనిషి తన పెళ్ళాం మీద రాసుకున్నవి. వింటే ఆవిడే గుర్తొస్తుంది. మా పాట వింటూ గిన్నెలు కడిగితే, ఆ గిన్నెలు కడిగేదే హీరోయిన్.

రాండల్‌తో పోట్లాడకు. నీ చేతులెలా ఉన్నాయి? రాత్రిళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుంటున్నావా?

నీ చెల్లెలు,
మాక్సిన్

---

కొకొమో
1985 నవంబరు 10

మాక్సిన్,

నా చేతుల సంగతి నేను చూసుకుంటాను. నీ చేతుల సంగతి చూసుకో, ఆ చెత్తకి వరస పెట్టింది అవే కదా.

చేప పొట్ట! ఆ మాట విన్నాక ఆపుకోలేకపోయాను. హాల్లో అందరికీ చెప్పాలని వెళ్ళాను. ఫలహారాల కిటికీ దగ్గర డోరీన్ కూర్చుని ఉంది. రేడియోల ఫ్యాక్టరీలో పనిపోయిన మనిషి, మొగుడు వదిలేశాడు. ప్రతి శుక్రవారం వచ్చి ఒంటరిగా చుట్లు కొడుతుంది. అడిగాను.

"డోరీన్, ఆ సినిమా దేని గురించో తెలుసా?"

"తెలియకేం ఆర్విల్లమ్మా. పిల్లల్ని తీసుకుని ఊరొదిలి పోయే ఆవిడ కథ. రెండో వైపు మూడో పాట దగ్గర కారెక్కి కూర్చుంటుంది. తాళంచెవి తిప్పాలా వద్దా అని ఆలోచిస్తుంది. పాట పైకి లేచే చోట తిప్పేస్తుంది."

"నువ్వు చూశావా?"

"లేదు."

"మరి?"

"చూస్తే పాడైపోదూ?" అంది, నేనే తెలివితక్కువదాన్నన్నట్టు.

దానికి చేప సంగతి చెప్పలేకపోయాను. అలాగని ఊరుకోలేదులే, ఇంకొకరిని అడిగాను. మంగలి షాపాయన అది వియత్నాం నుంచి తిరిగొచ్చిన సిపాయి కథంటాడు. రాండల్ అయితే సినిమాలో పడవలున్నాయని నేను చెప్పినా నమ్మలేదు. అట్ట మీద పడవ కనబడట్లేదా అంటే, "అది ఊరికే అందానికేమో అనుకున్నానండీ" అన్నాడు. ఊరు ఊరంతా ఎవరి సినిమా వాళ్ళు తీసుకుని కూర్చున్నారు. ఒక్కరు కూడా టిక్కెట్టు కొనలేదు. ఇంతమందికి ఒకేసారి పిచ్చెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ పదింటిలో మూడు దెబ్బల తాళంలో ఉన్నది ఆ చేప పాట ఒక్కటే, అంటే వాల్ట్జ్ చెయ్యడానికి పనికొచ్చేది అదొక్కటే. పోయిన ఆదివారం రాండల్ నన్నడక్కుండా మధ్యలో దాన్ని పెట్టాడు. మన వెండెల్, ఫే జంట దానికి తిరిగారు. మూన్‌వీల్లో వాళ్ళని మించిన వాల్ట్జ్ ఎవరిదీ లేదని నీకు తెలుసు. నా వీపు నేలవైపు ఉంటుంది కాబట్టి బల్ల దగ్గరున్న అద్దంలోంచి చూశాను. అడుగులు ఎక్కడో మారిపోయాయి. నేను వాయించినప్పుడు తిరిగినట్టు తిరగట్లేదు. పాట తాళం ఎక్కడో జారుతోందన్నమాట. మనుషులు కలిసి వాయించకపోతే జారక ఏమవుతుంది?

నేను రాండల్‌తో అందరి ముందే అనేశాను: "పరీక్ష పెడదాం. వెండెల్ దగ్గర తాళం కొలిచే దీపం ఉంది, దెబ్బ దెబ్బకీ వెలిగి ఆరుతుంది. నీ క్యాసెట్టు ఒకసారి, నా ఆర్గన్ ఒకసారి. నాది తప్పితే ఆర్గన్ చర్చికిచ్చెయ్, నేను నోరెత్తను. క్యాసెట్టు తప్పితే ఆదివారం జోలికి రాకు."

"సరేనండీ" అన్నాడు. డిసెంబరు మొదటి ఆదివారం. వెండెల్ ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసి రిటైరైన మనిషి, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడు. వాడి మాటే తీర్పు.

నీ వరస ఎంత గొప్పదో తేలిపోతుంది.

ఆర్విల్లా

---

బర్బాంక్
1985 నవంబరు 18

అక్కా,

పందెం మానెయ్.

రాండల్ మంచివాడే, వాడితో కూర్చుని మాట్లాడితే ఆదివారం సగం పూట ఆర్గన్, సగం పూట క్యాసెట్టు అంటే ఒప్పుకుంటాడు. అందరి ముందు దీపాలు పట్టుకుని కొలవడం దేనికి? నువ్వు గెలిచినా వాడికి తల కొట్టేసినట్టవుతుంది, హాలు వాడిది.

ఇంకో మాట. ఈ చలికాలం ఇక్కడికి రారాదూ? నాకు రెండు గదులున్నాయి. పెరట్లో నిమ్మచెట్టుంది. నీ వేళ్ళకి ఈ ఎండ మంచిది. నాలుగు నెలలుండి వెళ్ళు. ఆర్గన్ ఎక్కడికీ పోదు.

పందెం మాత్రం వద్దు. ఎందుకని అడక్కు, చెల్లెలు అడిగిందని మానెయ్.

మాక్సిన్

---

కొకొమో
1985 డిసెంబరు 3

మాక్సిన్,

గెలిచాను!

నువ్వు వద్దన్నప్పుడే నాకు తెలుసు, నీ సరుకు బయటపడుతుందని నీ భయం. బయటపడింది. కూర్చుని విను.

ఆదివారం హాలు నిండా జనం. శుక్రవారం కుర్రాళ్ళు కూడా వేడుక చూడ్డానికొచ్చారు. వెండెల్ నేల మధ్యలో నిలబడి ఆ చిన్న పెట్టె అరచేతిలో పెట్టుకున్నాడు. అందులో ఎర్ర దీపం వెలిగి ఆరుతూ ఉంటుంది. వాడికి తప్ప ఎవరికీ కనబడదు. ముందు క్యాసెట్టు. చేప పాట మొదలైంది. ఆవిడెవరో అలలంది, నిప్పంది, అలల మీద నిప్పు అంది. సగం అయ్యేసరికి వెండెల్ తల అడ్డంగా ఊపాడు. "జారింది" అన్నాడు. ఇంకాసేపటికి, "మళ్ళీ జారింది" అన్నాడు. కుర్రాళ్ళు గోల చేశారు. వెండెల్ వాళ్ళ వంక చూడను కూడా చూడలేదు.

తర్వాత నేను. నా పాత వాల్ట్జ్. అద్దంలోంచి చూస్తే వెండెల్ మొదటి నుంచి చివరి దాకా తల నిలువుగా ఊపుతూనే ఉన్నాడు, గడియారం మనిషిలా. పక్కన ఫే తల దించుకుని తన స్కేట్లకేసి చూసుకుంటోంది, పాపం ఆనందం పట్టలేక. అయిపోగానే వెండెల్, "ఒక్క వెంట్రుక కూడా తప్పలేదు" అన్నాడు. మన ఆదివారం వాళ్ళంతా ఒక్కసారి చప్పట్లు. డోరీన్ కూడా కొట్టింది, దాని పాట ఓడినా సరే.

రాండల్ మాట మీద నిలబడ్డాడు. ఆదివారం నాదే. పైగా నెలకో శుక్రవారం కూడా నాకిచ్చాడు.

ఇప్పుడు నీకో మాట చెప్పాలి మాక్సిన్. అమ్మ నాకూ నీకూ ఒకే పియానో మీద నేర్పింది. నీ చెయ్యే నాకంటే మెత్తగా పడేదని అమ్మ అనేది, నాకది మంట. ఆ చేత్తో నువ్వేం చేశావు? బర్బాంక్ వెళ్ళి, ఎవరో పాడిన చెత్తకి ముందూ వెనకా వరస పెడుతున్నావు. కిరాణా కొట్టులో డబ్బాలు పేర్చే మనిషికీ నీకూ తేడా ఏమిటి? ఆ డబ్బాల్లో కనీసం తినే వస్తువుంటుంది. తాళం నిలబెట్టడం కూడా రాని పాటల కింద చీమ తలకాయంత పేరు వేసుకుని మురిసిపోతున్నావు. నీ నిమ్మచెట్టు నువ్వే చూసుకో. నాకు ఇక్కడ పనుంది.

ఆర్విల్లా

---

బర్బాంక్
1985 డిసెంబరు 11

ఆర్విల్లా,

అక్కా అని పిలవాలని లేదు.

డబ్బాలు పేర్చేదాన్నన్నావు. సరే, డబ్బాలు పేర్చేదాని మాట విను. ఆ పాట తాళం జారదు. జారాలన్నా జారదు. ఆ తలుపు దభీమనే డ్రమ్ము మనిషి కొట్టేది కాదు, యంత్రం. పాడిన ఆవిడ చెవిలో టిక్కు టిక్కుమని ఒక చప్పుడు పెట్టుకుని పాడింది. పది పాటలూ అంతే. సినిమా ముక్కలు సరిగ్గా ఆ టిక్కు మీద కోస్తారు కాబట్టి అలా తీస్తారు. మీ రాండల్ టేపు యంత్రం ముసలిదైతే పాట మొత్తం నెమ్మదిగా నడుస్తుందేమో గాని, సగంలో ఒకసారి, ఇంకాసేపటికి ఒకసారి జారడమనేది జరగని పని. ఆ పాటని నేను వందసార్లు విన్నాను, నా చేతుల్తో కోశాను, అతికించాను.

కాబట్టి వెండెల్ అబద్ధమాడాడు. వెంట్రుకవాసి కూడా ఒప్పుకోని వెండెల్, ఊరందరి ముందు, దీపం అరచేతిలో పెట్టుకుని అబద్ధమాడాడు. ఎందుకాడాడో అడుగు. ఫే ఎందుకు తల దించుకుందో అడుగు. ఆనందమట!

నువ్వు అడగవు కాబట్టి నేనే చెప్తాను. కిందటేడు నవంబరులో అక్కడికి వచ్చినప్పుడు నీ వాల్ట్జ్‌కి నేనూ తిరిగాను. ఒక్కో అడుగు ఎత్తి, గాల్లో పట్టుకుని, నీ చెయ్యి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడాల్సొచ్చింది. పాట నడుమకొచ్చేసరికి ఇంకా నెమ్మది. పక్కన ఫే స్కేటు కొసని నేలకి రాస్తూ వేగం ఆపుకుంటోంది. అందరూ అంతే. నువ్వు వాళ్ళవైపు వీపు పెట్టి బల్ల మీద కూర్చుని, ఆ ముక్క అద్దంలో వాళ్ళని చూసి, ఎంత చక్కగా తిరుగుతున్నారో అనుకుంటావు. మొన్న నా పాటకి వాళ్ళ అడుగులు మారాయన్నావే, అవి మారలేదు. అవే వాళ్ళ అసలు అడుగులు.

నేను తెలిసీ ఊరుకున్నాను. ఏం చెయ్యమంటావు? నువ్వు నీ చేతులెలా ఉన్నాయంటే ఒంటికాలి మీద లేస్తావు.

మాక్సిన్

---

బర్బాంక్
1985 డిసెంబరు 12

అక్కా,

నిన్నటి ఉత్తరం ముందొస్తే చదవకు. పొయ్యిలో పడెయ్. పొద్దున్నే లేచి పోస్టు డబ్బా దగ్గర నిలబడ్డాను. పోస్టుమ్యాన్ వస్తే, "బాబూ, ఆ నీలం కవరు నాదే, ఇచ్చెయ్" అని బతిమాలాను. "డబ్బాలో పడ్డాక మీది కాదమ్మా, కవరు మీద పేరున్నావిడది" అన్నాడు. వాడి సంచీ పట్టుకుని లాగాను కూడా. వీధిలో జనం చూశారు.

చదివినా సరే, కొలవకు. నీకు దణ్ణం పెడతాను. వాళ్ళంతా సంతోషంగా ఉన్నారు, నువ్వు గెలిచావు, రాండల్ ఒప్పుకున్నాడు. ఎవరికి నష్టం? ఆ దీపం ముట్టుకోకు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తట్లేదు.

మాక్సిన్

---

కొకొమో
1986 ఫిబ్రవరి 2

చెల్లీ,

నీ రెండు ఉత్తరాలూ ఒక్కరోజే వచ్చాయి. రెండోదే ముందు చదివాను. చదవొద్దన్న ఉత్తరాన్ని చదవకుండా పొయ్యిలో వేసే ఆడది ఇండియానాలో పుట్టలేదు.

ఇన్నాళ్ళు రాయనిది కోపంతోనే. మొదట నీ మీద కోపం, తర్వాత వెండెల్ మీద, ఆ తర్వాత ఎవరి మీదా పెట్టుకోవడానికి మిగల్లేదు. వరస కావాలి నీకు, చెప్తాను.

క్రిస్మస్ అయ్యాక వెండెల్ ఇంటికెళ్ళాను. ఫే కాఫీ పెట్టడానికి లోపలికి పోయి ఇంక బయటికి రాలేదు.

"వెండెల్, నీ దీపం ఓసారి ఇవ్వు" అన్నాను.

"బ్యాటరీ అయిపోయింది ఆర్విల్లా."

"బ్యాటరీ నా సంచీలో ఉంది."

లేచాడు, సొరుగు తీశాడు, ఇచ్చాడు. నా మొహం చూడలేదు.

హాలు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి కూర్చున్నాను. దీపాన్ని ఆర్గన్ మీద నా కళ్ళెదురుగా పెట్టి వాల్ట్జ్ మొదలుపెట్టాను. కొంతదూరం కలిసే నడిచాం. తర్వాత అది ముందుకెళ్ళిపోయింది. అందుకోవాలని చూశాను. ఎడమచెయ్యి అందుకుంది, కుడిచేతి చివరి రెండు వేళ్ళు అందుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అంతే. దీపం పాడైందనుకుని దాన్ని ఎత్తి బల్లకేసి కొట్టాను. అది వెలుగుతూనే ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను మాక్సిన్. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

మర్నాడు మళ్ళీ వెండెల్ ఇంటికి. ఈసారి ఫే కూడా కూర్చుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"రెండు చలికాలాలైంది" అన్నాడు.

"అందరికీ తెలుసా?"

ఫే చెప్పింది. "అందరం కలిసే నేర్చుకున్నాం ఆర్విల్లా. మొదట్లో చచ్చేంత కష్టమైంది. గురువారాలు మా గ్యారేజీలో పాట లేకుండా సాధన చేసేవాళ్ళం, నెమ్మదిగా తిరగడం."

"గ్యారేజీలో నెమ్మదిగా తిరగడం సాధన చేశారా, నా కోసం?"

"వేగంగా తిరగడం ఎవడికైనా వస్తుంది" అన్నాడు వెండెల్.

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే మానేస్తావు. నువ్వు మానేస్తే ఆ హాలుకి మేం దేనికి రావాలి?"

నా నోరు అలా మూయించిన మొదటి మొగాడు వాడే. దీపం వాడి చేతిలో పెట్టి వచ్చేశాను.

రాండల్‌ని పిలిచి ఆర్గన్ చర్చికిచ్చెయ్యమని చెప్పాను. వాడు నమ్మలేదు. "మీరు గెలిచారు కదండీ!" అంటాడు. "గెలిచాను కాబట్టే నా ఇష్టం" అన్నాను. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత మెత్తటివాణ్ణి ఇన్నాళ్ళూ శత్రువనుకున్నందుకు నా మీద నాకే చిరాకేసింది. ఆదివారం ఏ పాట తర్వాత ఏ పాటో ఇక నేనే పెడతానని కూడా చెప్పాను. నీ వరస బాగాలేదు. మొదటి వైపు రెండు అరుపుల పాటలు పక్కపక్కన పెట్టావు, మనుషులకి ఊపిరి పీల్చుకునే సందే లేదు.

ఇవాళ ఆదివారం. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను.

ఎప్పట్లాగే అందరూ వచ్చారు. నేను బల్ల మీద కూర్చున్నాను గాని ఆర్గన్ మీట వెయ్యలేదు. "జంటలు మాత్రమే" అని కేకేసి, చేప పాట పెట్టాను. పెట్టి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి అద్దం వైపు కాకుండా నేల వైపు తిరిగి కూర్చున్నాను.

వాళ్ళు కదల్లేదు. స్కేట్ల మీద అలాగే నిలబడి నాకేసి చూస్తున్నారు. "పాట అయిపోతోంది, తిరగండి!" అని అరిచాను. వెండెల్ ఫే చెయ్యి పట్టుకున్నాడు.

మాక్సిన్, నేను ఆ మనుషుల్ని ఎప్పుడూ చూడలేదు. ఫే ఒక్కసారి కాలు తోసిందంటే హాలు సగం దాటుతుంది. ఆవిడకి డెబ్బై దాటాయి. వెండెల్ ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి మలుపు దగ్గర ఇద్దరూ కలిసి వాలారు, వాలినట్టే వాలి లేచారు. వెనక మిగతా జంటలన్నీ. వాళ్ళ స్కేట్లు నేల మీద చేసే చప్పుడు నాకు కొత్త. నేను వాయించినన్నాళ్ళూ అది వినబడలేదు, వాళ్ళు స్కేట్ల కొసల్ని నేలకి రాస్తూ తిరిగేవాళ్ళు కదా. గొంతు పైకెక్కించి అరిచే చోటు వచ్చింది. ఫే తల వెనక్కి వాల్చి నవ్వింది. ఫలహారాల కిటికీ దగ్గర డోరీన్ కళ్ళు మూసుకుని కారెక్కేసింది.

పాట చెత్త. అందులో నా అభిప్రాయం మారలేదు, మారదు. అలలకి నిప్పంటుకోదు, అంటుకున్నా దాని మీద పాట కట్టక్కర్లేదు.

అయిపోయింది. వాళ్ళందరికీ రొమ్ములు ఎగిసిపడుతున్నాయి, మొహాలు ఎర్రబడ్డాయి. ఒక్కరు కూడా నావైపు చూడలేదు. వెండెల్ నేలకేసి, ఫే గోడకేసి చూస్తున్నారు, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు. సంతోషించినందుకు నా ముందు సిగ్గుపడుతున్నారు.

అందుకని నేనే లేచి నిలబడి, ఆ పాడైన చేతుల్తో ముందుగా చప్పట్లు కొట్టాను.

మీ అక్క,
ఆర్విల్లా